ఒక్క స్టిల్ ప్లీజ్!

కదలొద్దని చెప్పే ఇంగ్లీషు మాట ఒకటి వెయ్యేళ్లుగా కదులుతూనే ఉంది. బైబిలు నుంచి బెకెట్ దాకా, పెళ్లిపందిరి నుంచి సారాబట్టీ దాకా దాని వెంట కాసేపు నడిచొద్దాం.

గట్టిమేళం అందుకుంది. పంతులుగారు అక్షతలు వెయ్యమని చెయ్యి ఊపారు. పెళ్లికొడుకు లేచి నిలబడి, తాళి అందుకుని, వధువు జడ పక్కకి తప్పించి మొదటి ముడి వెయ్యబోతున్నాడు. సరిగ్గా అప్పుడే కుర్చీ ఎక్కి ఉన్న ఫోటోగ్రాఫరు కేకేశాడు: “సార్, ఒక్క స్టిల్ ప్లీజ్! అలాగే ఉండండి. చేతులు కొంచెం పైకి. మేడమ్, తల దించండి.”

పెళ్లికొడుకు అలాగే ఉండిపోయాడు. తాళి గాల్లో, మెడకి జానెడు దూరంలో. పక్కనున్న వీడియో కుర్రాడికి చిరాకు వచ్చింది. “అన్నా, నువ్వట్లా ఆపేస్తే నాకు ఫుటేజీ ఏముంటది? కట్టనియ్యి” అన్నాడు. ఒకడికి అది ఆగాలి, ఇంకొకడికి కదలాలి. సన్నాయి వాళ్లకి ఈ గొడవ పట్టలేదు, వాయిస్తూనే ఉన్నారు. నా గుప్పిట్లో అక్షతలు చెమటకి తడిసి ముద్దవుతున్నాయి. వెయ్యాలా, ఆగాలా?

మా చుట్టాల పెళ్లిలో చూసిన ఆ నాలుగు క్షణాల తమాషా చాలా రోజులు నన్ను వదల్లేదు. ముహూర్తాన్ని నిలబెట్టగలిగిన ఆ చిన్న ఇంగ్లీషు ముక్క ఏమిటి? ఎక్కణ్ణుంచి వచ్చింది?

మనకి ‘స్టిల్’ సినిమా దారిన వచ్చింది. హాలు బయట అద్దాల పెట్టెలో గుండుసూదులతో గుచ్చిన ఫోటోలు చూసి, టికెట్టుకి డబ్బుల్లేని పిల్లలం కథ మొత్తం అల్లుకునేవాళ్లం. వాటినే స్టిల్స్ అనేవాళ్లు. సినిమా టైటిల్సులో ‘స్టిల్స్’ అని ఒకరి పేరు పడేది. అక్కణ్ణుంచి ఆ మాట వీధిలోకి దిగి మనదైపోయింది. గోడకి ఒక కాలు ఆనించి, నల్లకళ్లద్దాలు పెట్టుకుని నిలబడ్డ కుర్రాణ్ణి చూసి “ఏం స్టిల్ ఇచ్చాడ్రా!” అంటాం. ఇంగ్లీషువాడు స్టిల్ ‘తీస్తాడు’ కానీ ‘ఇవ్వడు’. ఇవ్వడం మనం నేర్పిన విద్య.

అయితే మన కుర్రాళ్ల పద్ధతిలోనే స్టిల్స్ ఇచ్చి ప్రపంచ ప్రఖ్యాతి పొందిన మనిషి ఒకరున్నారు. సిండీ షెర్మన్ అనే అమెరికన్ కళాకారిణి 1977 నుంచి 1980 దాకా తనకి తానే రకరకాల వేషాలు కట్టి, పాత హాలీవుడ్ నాయికల్లా కనబడే నలుపు తెలుపు ఫోటోలు తీసుకుంది. వంటింట్లో ఉలిక్కిపడిన గృహిణి, రోడ్డు పక్కన పెట్టెతో ఒంటరి పిల్ల. వాటికి ‘పేరులేని సినిమా స్టిల్స్’ అని పేరు పెట్టింది. చూసినవాళ్లకి ఆ సినిమా ఎక్కడో చూసినట్టే ఉంటుంది. కానీ ఆ సినిమాలు లేనే లేవు. అద్దాల పెట్టె ముందు నిలబడి కథ అల్లుకున్న మా పిల్లగుంపుకి ఆవిడ సంగతి తెలిసుంటే ఎంత బాగుండేదో.

ఇక్కడో చిన్న సంగతి. బొమ్మలు కదలడం మొదలయ్యాకే కదలని బొమ్మకి ‘స్టిల్’ అని పేరు పెట్టాల్సి వచ్చింది. అంతకుముందు ఫోటో అంటే ఫోటోయే. సెల్‌ఫోను వచ్చాక ఇంట్లో ఉన్న ఫోను ‘ల్యాండ్‌లైను’ అయినట్టు.

కాపలావాడి కథ

పాత ఇంగ్లీషులో ఈ మాట రూపం ‘స్టిల్లె’. కదలికా చప్పుడూ రెండూ లేని స్థితి అని అర్థం. గుర్రాన్ని కట్టే కొట్టాన్ని చెప్పే ‘స్టాల్’ అనే మాట దీనికి చుట్టం. ఒకచోట పెట్టడం, ఒకచోట ఉండడం అనేదే ఈ కుటుంబం మూలధనం. మరి అలాంటి మాట ఇవాళ ‘ఇప్పటికీ’ అనీ, ‘అయినా సరే’ అనీ అర్థాలు ఎలా మూటగట్టుకుంది?

కోట గుమ్మం దగ్గర ఒక కాపలావాణ్ణి ఊహించుకోండి. వాడు కదలకుండా నిలబడ్డాడు. ఇది మొదటి అర్థం. పొద్దున చూసినా అక్కడే, రాత్రి చూసినా అక్కడే. కదలనివాడు ఎప్పుడూ ఉంటాడు కదా, అలా ‘ఎల్లప్పుడూ’ అనే రెండో అర్థం పుట్టింది. ఏడాది తర్వాత వెళ్లి చూసినా ఉన్నాడు. ‘ఇప్పటికీ’ ఉన్నాడే! మూడోది వచ్చింది. ఈలోపు రాజు చచ్చిపోయాడు, కోట కూలింది, జీతం ఇచ్చే దిక్కు లేదు. ‘అయినా’ ఉన్నాడు. నాలుగోదీ వచ్చేసింది. కాపలావాడు అడుగు తీసి అడుగు వెయ్యలేదు. వాణ్ణి వర్ణించే మాట మాత్రం శతాబ్దాల దూరం నడిచింది. నాకు తెలిసినంతలో ఇంత చక్కటి అర్థ పరిణామం ఉన్న చిన్న మాట ఇంగ్లీషులో ఇంకోటి లేదు. ‘సెట్’, ‘రన్’ లాంటి మాటలకి నిఘంటువుల్లో పేజీలకి పేజీలు అర్థాలుంటాయి, నిజమే. అది జనాభా లెక్క. ఇది ఒక్క మనిషి జీవితకథ.

సారా కాచే సరంజామాని కూడా ఇంగ్లీషులో ‘స్టిల్’ అనే అంటారు. మన బట్టీ అన్నమాట. డిస్టిలరీలో ఉన్నది అదే. అక్షరాలు ఒకటే అయినా దానికీ దీనికీ ఏ బంధుత్వమూ లేదు. లాటిన్లో ‘స్టిల్లా’ అంటే చుక్క. ఆవిరి చల్లబడి చుక్కలు చుక్కలుగా రాలుతుంది కాబట్టి ఆ పేరు. ఒకే ఇంటిపేరున్న రెండు వేరు వేరు గోత్రాలన్నమాట. స్కాట్లండు కవి రాబర్ట్ బర్న్స్ 1789లో ఎక్సైజు శాఖ కొలువులో చేరాడు. విస్కీని పొగుడుతూ అంతకుముందే పద్యం రాసిన మనిషి, గుర్రమెక్కి ఊరూరా తిరిగి పన్ను లెక్కలూ దొంగసరుకులూ చూసుకునే ఉద్యోగం చేశాడు. కవికి ప్రభుత్వం ఇంతకన్నా పెద్ద పరీక్ష పెట్టగలదా?

ఒక కుండలో నాలుగు నీళ్లు

1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు ఇంగ్లీషు చెవిని మలిచిన పుస్తకం. అందులో ‘స్టిల్’ వచ్చే నాలుగు చోట్లు చాలామందికి నోటికి వస్తాయి. 23వ కీర్తనలో గొర్రెల కాపరి తన మందను నడిపించే నీళ్లు స్టిల్. 46వ కీర్తనలో దేవుడు మనుషులకి ఇచ్చే ఆజ్ఞ స్టిల్. ఏలీయా ప్రవక్తకి పెనుగాలీ భూకంపమూ మంటా దాటాక వినబడిన స్వరం స్టిల్. మార్కు సువార్తలో పడవలో నిద్ర లేచిన యేసు తుపానుని గద్దించిన మాట స్టిల్.

ఇప్పుడు తెలుగు బైబిలు తెరవండి. మొదటి చోట నీళ్లు ‘శాంతికరమైనవి’. రెండో చోట ‘ఊరకుండ’మన్న ఆజ్ఞ. మూడో చోట స్వరం ‘నిమ్మళం’గా మాట్లాడుతుంది. నాలుగో చోట మళ్లీ సముద్రాన్ని ‘ఊరకుండ’మంటాడు. నిమ్మళం అనే మాట చూడండి, ఎంత బాగుందో. జ్వరం తగ్గిన పిల్లాడి గురించి మా అమ్మమ్మ “ఇప్పుడు కాస్త నిమ్మళించాడు” అనేది. గాలీ మంటా అన్నీ అయిపోయాక వచ్చే స్వరానికి అంతకన్నా తగిన మాట దొరకదు.

మనవాళ్లు ఒక్క మాటని మూడు చేశారని అనుకుంటే పొరపాటు. మూలంలోనే మాటలు వేరు. హీబ్రూలో మొదటి చోట ఉన్నది ‘విశ్రాంతి’ నీళ్లు. రెండో చోట ఉన్నది ‘పట్టు వదులు, చేతులు దించు’ అనే అర్థమిచ్చే క్రియ. ఏలీయా విన్నదాన్ని ముక్కస్య ముక్కగా చెప్పాలంటే ‘సన్నని నిశ్శబ్దపు స్వరం’. ఇక మార్కు రాసిన గ్రీకు మాట మరీ మోటైనది. నూర్పిళ్లప్పుడు ఎద్దు మూతికి చిక్కం వేస్తామే, ఆ క్రియ అది. తుపాను మూతికి చిక్కం! వేరు వేరు బావుల్లో తోడిన నీళ్లని ఇంగ్లీషువాళ్లు ఒకే కుండలో పోశారు. దానివల్ల ఇంగ్లీషు పాఠకుడికి ఒక లాభం కలిగింది. తుపాను ఆగడం, మందకి దొరికిన నీటి రేవు, మనసు చేతులు దించడం, నిశ్శబ్దంలో వినబడే స్వరం, అన్నీ ఒకే అనుభవంలో భాగాలని అతని చెవి నమ్మింది. తర్వాత వచ్చిన ఇంగ్లీషు కవులందరూ ఆ కుండలోంచే ముంచుకున్నారు.

నిశ్చల బెర్ముడా

డిగ్రీ రెండో ఏడు షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ పాఠం. ఏరియల్ అనే గాలిభూతం, ఒకప్పుడు తన యజమాని నడిరాత్రి మంచుబిందువులు తెమ్మని బెర్ముడా దీవులకి పంపాడని గుర్తు చేస్తుంది. ఆ దీవులకి వేసిన విశేషణంలో ‘స్టిల్’ ఉంది. నేను లేచి నిలబడి ఎంతో ధీమాగా ‘నిశ్చలమైన బెర్ముడా’ అని అర్థం చెప్పాను. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “అక్కడికి పడవలో వెళ్లి చూసిరా నాయనా, చెబుదువుగాని” అన్నారు. క్లాసంతా నవ్వు. అసలు అర్థం ‘ఎల్లప్పుడూ అల్లకల్లోలంగా ఉండే’ అని. అంటే నేను చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ఆ నాటకం నాటికి రెండేళ్ల ముందు, 1609లో, ‘సీ వెంచర్’ అనే ఇంగ్లీషు ఓడ తుపానులో చిక్కి బెర్ముడా తీరాన బద్దలైంది. లండన్ జనం నోట ఆ కబురు నలుగుతున్న రోజులవి. బెర్ముడా అనగానే ప్రేక్షకుడికి సుడిగాలే గుర్తొచ్చేది.

షేక్‌స్పియర్ ‘స్టిల్’ అన్నప్పుడు చాలాసార్లు అర్థం ‘ఎప్పుడూ’. ఈ గుట్టు తెలియకపోతే హామ్లెట్ నాటకంలో రాజు క్లాడియస్ తన మంత్రి పొలోనియస్‌ని నువ్వెప్పుడూ శుభవార్తలే తెస్తావు అని మెచ్చుకుంటుంటే, ముసలాడు ఇంకా బతికే ఉన్నాడేమిటి అని ఆశ్చర్యపోతున్నట్టు వినబడుతుంది. పొలోనియస్ తర్వాత తెర వెనక పొడిపించుకుని చచ్చిపోతాడు కాబట్టి ఆ పొరపాటు అర్థంలోనూ ఒక చేదు రుచి ఉందనుకోండి. అది షేక్‌స్పియర్ పెట్టింది కాదు, కాలం కలిపింది.

కానీ ‘వింటర్స్ టేల్’లో ఒక చోట ఉంది, అది పొరపాటు కాదు. రాకుమారుడు ఫ్లోరిజెల్, గొల్లపిల్ల అనుకుంటున్న పెర్డిటాని చూసి మైమరచి మాట్లాడతాడు. నువ్వు ఆడుతుంటే సముద్రపు అలవై ఉండిపోకూడదా, ఇంకో పనే లేకుండా అలా ఆడుతూనే ఉండకూడదా అంటాడు. ఆ కోరికలో ‘స్టిల్’ రెండుసార్లు, పక్కపక్కనే పడుతుంది. ఎప్పుడూ కదులుతూ ఉండు, ఎప్పుడూ ఇలాగే ఉండు. అదే మాట చెవికి ‘కదలకు’ అని కూడా తగులుతుంది. ప్రేమించినవాడి కక్కుర్తి అంతా అందులోనే ఉంది. ఆమె ఆడాలి, ఆ ఆట ఆగిపోనూ కూడదు, జారిపోనూ కూడదు. అల చూడండి, నీరు కదిలిపోతుంటుంది, ఆకారం అక్కడే ఉన్నట్టుంటుంది. ఇదే నాటకం చివర, చచ్చిపోయిందని పదహారేళ్లుగా అందరూ నమ్మిన రాణి హెర్మయనీ శిలావిగ్రహంలా నిలబడి, సంగీతం మొదలవగానే మెట్టు దిగి వస్తుంది. నటి అంతసేపు ఊపిరి బిగపట్టి స్టిల్ ఇవ్వాలి. మన పెళ్లికొడుకు నాలుగు క్షణాలకే చెమట్లు కక్కాడు.

కూజా మీది పెళ్లికూతురు

ఇక కీట్స్ దగ్గరికి రావాలి. నిజానికి ఈ వ్యాసమంతా ఆయన దగ్గరికి రావడానికే.

జాన్ కీట్స్ 1795లో పుట్టాడు. వైద్యం చదివి వదిలేశాడు. 1819లో, ఇరవై మూడేళ్ల వయసులో, కొద్ది నెలల్లోనే తన గొప్ప ‘ఓడ్’లన్నీ దాదాపు రాసేశాడు. వాటిలో ఒకటి గ్రీకు కూజా మీది బొమ్మలతో మాట్లాడుతుంది. చెట్టు కింద వేణువు ఊదే కుర్రాడు, ఆ పాట వినబడదు, ఆగదు. ముద్దు పెట్టుకోబోతున్న ప్రియుడు, పెదవులు ఎప్పటికీ తాకవు, ఆమె ఎప్పటికీ ముసలిది కాదు. ఆకులు ఎప్పటికీ రాలవు. ఉత్సవానికి ఊరంతా కదిలిపోయింది కాబట్టి ఆ ఊరి వీధులు ఎప్పటికీ ఖాళీ. తాళి గాల్లో జానెడు దూరంలో ఆగిపోయిన మన పెళ్లికొడుకు ఆ కూజా మీద చక్కగా ఇమిడిపోతాడు.

కవిత మొదటి పాదంలోనే కీట్స్ ఆ కూజాని వధువు అని పిలుస్తాడు. నిశ్శబ్దానికి వధువు, పెళ్లయింది కానీ పురుషుడి చెయ్యి సోకనిది. ఆ విశేషణానికి ముందు ‘స్టిల్’ పెట్టాడు. కామా పెట్టలేదు. 1820లో వచ్చిన పుస్తకంలో ఆ రెండు మాటల మధ్య ఏమీ లేదు. అక్కడుంది తిరకాసంతా.

కామా ఉంటే అది ‘కదలని, మౌనమైన’ వధువు అయ్యేది. లేదు కాబట్టి ‘ఇంకా’ చెయ్యి సోకని వధువు అని కూడా చదవాలి. ఈ రెండింటికీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. కదలని వధువు కాలానికి బయట ఉంది, ఆమెకి ఏమీ జరగదు. ‘ఇంకా’ సోకని వధువు కాలం లోపలే ఉంది. ఇంకా అన్నామంటే ఏదో ఒక రాత్రి తప్పదని ఒప్పుకున్నట్టే. గోడకి వేలాడే గాజు బొమ్మని చూసి “ఇంకా పగల్లేదు” అంటే వినేవాడి గుండె గుబుక్కుమంటుంది కదా, అలా. రెండు వేల ఏళ్ల పాలరాతి పాత్ర, శాశ్వతమూ అదే, ఎప్పుడు చేయి జారుతుందో తెలియనిదీ అదే. వీటికి అడుగున ఆ పాత షేక్‌స్పియర్ అర్థం ‘ఎల్లప్పుడూ’ కూడా సన్నగా మోగుతుంది. షేక్‌స్పియర్‌ని నమిలి మింగిన కవి కీట్స్, ఆయనకది తెలియదనుకోను.

మన ఆలంకారికుల లెక్కలో ఇది అభంగ శ్లేష. మాటని విరవకుండానే రెండర్థాలు. పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో ఒకే పద్యంలో రామకథా భారతకథా నడిపించాడు, మాటల్ని అక్కడా ఇక్కడా విరిచి, కలిపి. అది గారడీ, మహా గారడీ. కానీ సూరన దగ్గర రెండర్థాలూ రెండు పట్టాల మీద పక్కపక్కన నడుస్తాయి, ఒకదాన్ని ఒకటి గుద్దుకోవు. కీట్స్ రెండు రైళ్లని ఒకే పట్టా మీద ఎదురెదురుగా వదిలాడు. నేను సూరనని తక్కువ చెయ్యడం లేదు. కానీ ఏది రాత్రి నిద్ర పట్టనివ్వదని అడిగితే మాత్రం కీట్స్ అనే చెబుతాను.

1820 శరత్తులో, క్షయ ముదిరి, ఇటలీ గాలి పడుతుందేమోనని ఓడెక్కాడు. పెళ్లి నిశ్చయమైన ఫానీ బ్రాన్ లండన్లో ఉండిపోయింది. ఆ ఓడ ప్రయాణంలో తనతో ఉన్న షేక్‌స్పియర్ పద్యాల పుస్తకంలోని ఖాళీ పేజీలో, నక్షత్రాన్ని పిలుస్తూ మొదలయ్యే తన సానెట్‌ని చేతిరాతతో ఎక్కించాడు. నక్షత్రంలా స్థిరంగా ఉండాలని ఉంది, కానీ నక్షత్రంలా ఒంటరిగా కాదు. ప్రియురాలి గుండె మీద తలపెట్టి, ఆ గుండె లేస్తూ పడుతూ ఉంటే తాను మాత్రం కదలకుండా ఎప్పటికీ వింటూ ఉండాలి. పద్నాలుగు పాదాల ఆ పద్యంలో చివరి ఆరు పాదాల్లోనే ‘స్టిల్’ నాలుగుసార్లు వస్తుంది. చివర్లో రెండు వరసగా, ఊపిరి అందని మనిషి పలికినట్టు. మరుసటి ఏడు ఫిబ్రవరి 23న రోములో పోయాడు. ఇరవై ఐదేళ్లు.

ఆ తర్వాతి వాళ్లు

పండితులు ఈ మాట వెంట పడకుండా ఉంటారా? అమెరికన్ విమర్శకుడు మరే క్రీగర్ 1967లో అచ్చంగా ఈ శ్లేష పునాదిగా పెద్ద వ్యాసం రాశాడు. బొమ్మ ఆగి ఉంటుంది, కవిత నడుస్తూ ఉంటుంది. బొమ్మని వర్ణించే కవిత ఆగుతూ నడుస్తుంది, అందుకే కవిత స్వభావమే ‘స్టిల్’ అన్నాడు. అందులో కొంత అతి ఉంది, అయినా చదవదగ్గది. తమాషా ఏమిటంటే కీట్స్ కవితలకి ప్రామాణిక ప్రతి సిద్ధం చేసిన పండితుడి ఇంటిపేరు స్టిలింజర్.

వర్డ్స్‌వర్త్ 1802లో వెస్ట్‌మినిస్టర్ వంతెన మీంచి తెల్లవారుజామున లండన్ చూసి, ఆ మహానగరపు గుండె స్టిల్‌గా పడుకుని ఉందన్నాడు. ప్రశాంతత అని ఆయన ఉద్దేశం. కానీ గుండె కదలకపోతే వైద్యుడు దాన్ని ప్రశాంతత అనడు. నగరం బతికి కనబడింది అది చచ్చినట్టు పడుకున్నప్పుడే అన్న ఆ విరుద్ధాన్ని క్లియాంత్ బ్రూక్స్ 1947 నాటి తన పుస్తకంలో పట్టుకున్నాడు. టెన్నిసన్‌కి మాత్రం ఈ సందిగ్ధం లేదు. వియన్నాలో ఇరవై రెండేళ్లకే పోయిన స్నేహితుడు హాలమ్ గొంతు గురించి రాసినప్పుడు, స్టిల్ అంటే ఇక ఎప్పటికీ వినబడనిదే.

టి.ఎస్. ఎలియట్ హార్వర్డులో సంస్కృతం, పాళీ చదివినవాడు. 1936లో వచ్చిన ‘బర్న్ట్ నార్టన్’లో తిరిగే లోకం నడుమ తిరగని ఒక బిందువు గురించి రాశాడు. బండి చూసినవాడికి ఇది చెప్పనక్కర్లేదు, చక్రం తిరగాలంటే ఇరుసు తిరగకూడదు. అదే కవితలో ఒక చైనా జాడీ ఉంది. అది కూడా కీట్స్ కూజాలాగే ఆగి ఉండి కదులుతుంది, కదులుతూ ‘ఇంకా’ ఉంటుంది. నన్నడిగితే ఎలియట్ ఆ శ్లేషని వేదాంతం చేశాడు, కీట్స్ దాన్ని బాధగా ఉంచాడు. నాకు బాధే నచ్చింది.

పేర్లలో ఈ మాట ఇంకా చమత్కారంగా పనిచేస్తుంది. నోయెల్ కవర్డ్ 1936లో ఒక రైల్వే స్టేషన్ కాఫీ గదిలో నడిచే ప్రేమ నాటికకి ‘స్టిల్ లైఫ్’ అని పేరు పెట్టాడు. బల్ల మీద పళ్లూ కూజా పెట్టి గీసే బొమ్మలకి ఆ పేరు డచ్ చిత్రకారుల నుంచి వచ్చింది. ఫ్రెంచివాళ్లు అదే బొమ్మని ‘చచ్చిన ప్రకృతి’ అంటారు. రైళ్లు వస్తూ పోతూ ఉండే చోట రెండు జీవితాలు ఆగిపోవడం ఆ నాటిక కథ. 1945లో అదే ‘బ్రీఫ్ ఎన్‌కౌంటర్’ సినిమా అయింది. మాయా ఏంజెలో 1978లో తన కవితా సంపుటికి ‘అండ్ స్టిల్ ఐ రైజ్’ అన్నప్పుడు కాపలావాడి నాలుగో అర్థం జెండా ఎత్తింది. అణచినా, తొక్కినా, అయినా. లీసా జెనోవా నవల ‘స్టిల్ అలిస్’లో మతిమరుపు జబ్బు మీదపడ్డ ఒక ప్రొఫెసరు తన మాటల్నే ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటుంది. అయినా అలిస్ అలిసే అని పేరు అంటుంది. మెల్లగా నిశ్చలమైపోతున్న అలిస్ అని కూడా అంటుంది.

అందరికన్నా గడుసువాడు శామ్యూల్ బెకెట్. తన చివరి గద్య రచనల్లో ఒకదానికి 1988లో ‘స్టిరింగ్స్ స్టిల్’ అని పేరు పెట్టాడు. ఇంకా మిగిలున్న కదలికలా? సద్దుమణిగిన కదలికలా? రెండూనూ. బెకెట్ తన రచనలు తనే ఫ్రెంచిలోకి మార్చుకునేవాడు. దీన్నీ మార్చాడు. కానీ ఫ్రెంచి పేరు కుదుపులు, ఉలికిపాట్లు అనే అర్థంతో ఆగిపోయింది. రెండు భాషల్నీ అరచేతిలో పెట్టుకున్నవాడికే ఆ ‘స్టిల్’ సరిహద్దు దాటలేదు.

మనకుందా అలాంటి మాట?

మామూలుగా స్టిల్ అంటే మనం ‘ఇంకా’ అంటాం. ఇంకా పెద్ద కుటుంబీకురాలు. ‘ఇంకా ఇక్కడే ఉన్నాడు’, ‘ఇంకా రాలేదు’, ‘ఇంకా వడ్డించు’, ‘ఇంకా ఎవరొస్తారు’. ఇంగ్లీషులో ఈ నాలుగు ‘ఇంకా’లకీ నాలుగు వేరు మాటలు. అందుకే మన పిల్లలు ‘యెట్’ అనాల్సిన చోట ‘స్టిల్’ అని మాస్టారి చేత చీవాట్లు తింటారు. ఫోనులో మాటలైపోయాక పెట్టెయ్యడానికి మనసొప్పని ఇద్దరి మధ్య నడిచే “ఇంకా?” “ఇంకా ఏముంది, నువ్వే చెప్పు” అనే సంభాషణని ఏ ఇంగ్లీషులోకి దించగలం? కానీ ఇంకాలో కదలకపోవడం లేదు. అది ఎప్పుడూ ముందుకే చూస్తుంది.

చాలాకాలం వెతికాక నాకు తోచింది, మన ‘స్టిల్’ క్రియల్లో ఉంది. నిలు. ‘బస్సు నిలిచిపోయింది’ అంటే ఆగింది, ఇక కదలదు. ‘ఆ పాట నిలిచిపోయింది’ అంటే ఆగలేదు, ఎప్పటికీ ఉంటుంది. ఒకే క్రియ, పోవడానికీ పోకుండా ఉండడానికీ. కరెంటు పోయి కచేరీలో పాట నిలిచిపోయిందన్నా అదే, తరాలు దాటి నిలిచిపోయిందన్నా అదే. నిలవ నీరంటే దోమలు, నిలవ పచ్చడంటే ఏడాది పొడుగునా రుచి. బ్యాంకులో నిల్వ ఉంటే ధైర్యం, కూర నిలవదైతే పారబోత. మాట నిలబెట్టుకుంటాం, కేసు నిలబడుతుంది, కన్నీళ్లు నిలవవు. కాపలావాడి కథ మొత్తం మన ఒక్క ధాతువులో నడిచింది, మనమే గమనించలేదు. కీట్స్‌ని తెలుగు చేసేవాళ్లు ‘నిశ్చల’ అనే సంస్కృతం దగ్గరికి పరిగెత్తకుండా ఈ నిలు దగ్గర కాసేపు నిలబడాలని నా మనవి.

ఆ పెళ్లి ఆల్బం మొన్న వచ్చింది. తాళి ఫోటో బాగా కుదిరింది. వెనక వరసలో అక్షతలు గుప్పిట్లో పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డది నేనే. వీడియోలో మాత్రం ఆ ముక్క కత్తిరించేశారు.

కీట్స్ చనిపోయే ముందు, తన సమాధి మీద పేరు వెయ్యొద్దనీ, తన పేరు నీటి మీద రాసినదని మాత్రం చెక్కమనీ కోరాడు. రోములోని ప్రొటెస్టెంట్ శ్మశానంలో ఆ రాయి ఉంది. దాని మీద ఇంగ్లీషు యువ కవి అని ఉంది, తీగలు తెగిన వీణ బొమ్మ ఉంది, పేరు ఇప్పటికీ లేదు.